మామయ్య ఎవుసం, మా ఇంటి నెట్టు

మా కాలనీకి ఫైబర్ తీగ వస్తుందని ఇల్లు కట్టుకున్ననాటి నుంచి వింటున్నాం. ఒకసారి వచ్చింది కూడా. మెయిన్ రోడ్డు దగ్గర మొదలై, ఒక స్తంభం మీంచి ఇంకో స్తంభానికి సాగి, మా వీధి మలుపు దాకా వచ్చి ఆగింది. అదే వారం మురికికాల్వ తవ్వడానికి జేసీబీ వచ్చి, ఆ చివరి స్తంభాన్ని తీగతో సహా పెకిలించి ఎవరిదో ప్రహరీ గోడకు ఆనించి పోయింది. కాల్వ ఇప్పటికీ పూర్తి కాలేదు. స్తంభం ఇప్పటికీ ఆ గోడకే ఆని ఉంది. ఆ ఇంటివాళ్లు దానికి తాడు కట్టి బట్టలు ఆరేసుకుంటున్నారు.

అందుకని మా ఇంట్లో నెట్టు అంటే టీవీ పక్కన పెట్టిన ఒక తెల్ల డబ్బా. దాంట్లో సిమ్ ఉంటుంది. నెలకింత అని డేటా ఇస్తారు. అది ఉన్నన్నాళ్లు మేమూ హైదరాబాద్‌లో ఉన్నట్టే. అయిపోయాక మాత్రం, ఎవరో పొద్దున పంపిన గులాబీ పువ్వు బొమ్మ పూర్తిగా తెరుచుకునేసరికి మధ్యాహ్నం భోజనాలయ్యేవి.

మొదట్లో ఆ డేటా నెలాఖరు దాకా వచ్చి ఇంకొంచెం మిగిలేది. మా వాడకం అంతే మరి. నేను రామాయంపేట వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం ఫోటో, చేతులు కడుక్కుంటున్న ఫోటో, కడిగిన మరుగుదొడ్డి ఫోటో, ఇవన్నీ రోజూ యాప్‌లో ఎక్కించాలి. బడిలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటికొచ్చి ఎక్కించేదాన్ని. మా ఆయనకు టౌన్లో ఎరువుల షాపు. ఇంటికొచ్చాక కాసేపు క్రికెట్ చూసేవాడు. అత్తమ్మ పొద్దున్నే ఫోన్లో దేవుని పాటలు పెట్టుకునేది. సాయంత్రం చేగుంటలో ఉండే చెల్లెలికి వీడియో కాల్ చేసేది.

ఆ కాల్ చూడముచ్చటగా ఉండేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. అత్తమ్మ ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకుని చిక్కుడుకాయ గిల్లేది. అక్కడ చెల్లెలు మినప్పప్పులో రాళ్లు ఏరుకునేది. చాలాసేపటికి ఒకరు "ఏం కూర?" అని అడిగేవారు. ఇంకొకరు జవాబు చెప్పేవారు. మళ్లీ ఎవరి పని వాళ్లది. ఆ చెల్లెలికి మోకాళ్లు పట్టేసి బస్సెక్కలేని పరిస్థితి వచ్చాక మొదలైన అలవాటు అది.

ఇక మామయ్య. ఆయన ఒకప్పుడు చేగుంట దగ్గర మా ఊరికి సర్పంచ్. పదవి పోయి చాలా ఏళ్లయినా తీర్పు చెప్పే గొంతు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. వ్యవసాయంలో ఏమీ మిగలడం లేదని పొలం కౌలుకిచ్చి మెదక్‌లో మా దగ్గరికి వచ్చేశారు. ఎవరు కలిసినా "ఎవుసం చేసేటోడంత పిచ్చోడు ఇంకోడు లేడు" అని మొదలుపెట్టేవారు. మా ఆయన షాపుకు ఎరువుల కోసం వచ్చిన రైతులకు కూడా అదే చెప్తుంటే, మా ఆయన ఆయన్ని షాపు దగ్గర కూర్చోబెట్టడం మానేశాడు. మామయ్యది బటన్ల ఫోన్. నెట్టు సంగతి ఎత్తితే "గా దరిద్రంతోని నాకేం పని" అనేవారు. కాబట్టి నెట్టు వాడేవాళ్లలో ఆయన్ని మేమెవరం ఎప్పుడూ కలుపుకోలేదు.

అలాంటి ఇంట్లో ఒక నెల డేటా సగంలోనే అయిపోయింది. పండగ నెల కదా, ఫోన్లు ఎక్కువయ్యాయేమో అనుకున్నాం. పై నెల ఇంకా ముందే అయిపోయింది. ఆ పై నెల వేసిన వారానికే డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది.

సరిగ్గా అప్పుడే మాకు ఆన్‌లైన్ శిక్షణ పెట్టారు. దానికోసం మళ్లీ డేటా వేయించుకున్నాం. బడి అయ్యాక ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. శిక్షణ అంశం: ఇంటర్నెట్ తక్కువగా ఉండే ప్రాంతాల్లో డిజిటల్ బోధన. దాన్ని గంటల తరబడి వీడియోలో చెప్పారు. కెమెరా ఆపితే హాజరు పడదన్నారు. ఇంటర్నెట్ తక్కువగా ఉన్న మేమంతా, దాన్ని ఎలా పొదుపుగా వాడాలో వింటూ ఉన్నది కాస్తా ఖర్చు చేసుకున్నాం.

ఒక సాయంత్రం నమూనా పాఠం చెప్పే వంతు నాకొచ్చింది. పాఠం నీటి పొదుపు. నేను మంచి చీర కట్టుకుని, వెనక గోడకు చార్టు అంటించి, వంటింట్లోంచి ఒక చెంబు తెచ్చి పెట్టుకున్నాను. పై అధికారి, తోటి టీచర్లు అంతా తెర మీద చిన్న చిన్న గళ్లలో కూర్చుని చూస్తున్నారు. "పిల్లలూ, మనకు తెలియకుండానే చుక్క చుక్కగా పోయే నీరు ఎంతో తెలుసా" అని నోరు పెద్దగా తెరిచాను. డేటా అక్కడ అయిపోయింది.

నాకేమో నేను మాట్లాడుతున్నట్టే ఉంది. పాఠం పూర్తిగా చెప్పాను, చెంబు కూడా వంచి చూపించాను. తర్వాత తెలిసింది, వాళ్లకు కనిపించింది నోరు తెరుచుకుని నిలిచిపోయిన నా మొహం ఒక్కటేనని. పై అధికారి కొంతసేపు నేను పిల్లల జవాబు కోసం ఎదురుచూస్తున్నాననుకుని మెచ్చుకున్నాడట. మరునాటికి ఆ మొహం మా టీచర్ల గ్రూపులో స్టిక్కర్ అయి కూర్చుంది. ఎవరికి జీతం ఆలస్యమైనా, డీఏ రాకపోయినా ఆ స్టిక్కరే పెట్టేవారు. శిక్షణ విజయవంతంగా పూర్తిచేశానని సర్టిఫికెట్ మాత్రం వచ్చింది.

ఆ స్టిక్కర్ చూసిన సాయంత్రమే నేను ఇంట్లో గొడవ చేశాను. మామయ్య నా బాధంతా విని, ముందు గదిలో కుర్చీ మధ్యలోకి లాక్కుని కూర్చున్నారు. ఊళ్లో పంచాయితీలు చేసిన రోజుల్లోలాగా భుజం మీది టవల్ సర్దుకుని అందర్నీ పిలిచారు.

"ఎవలెవలు ఎంతెంత వాడుతున్నరో ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. దాచిపెట్టుడు వద్దు."

మా ఆయన ముందుగా చెప్పాడు. "నేను పొద్దంత షాపుల్నే ఉంట నాయిన. ఇంటికొచ్చి జరసేపు మ్యాచ్ చూస్త. గంతే."

"నాది స్కూల్ పనే మామయ్యా," అన్నాను నేను.

మామయ్య అత్తమ్మ వైపు తిరిగారు. "నువ్వు పొద్దున లేస్తె దేవుడు, పొద్దుమూకితె చెల్లె. గా బొమ్మ అట్ల నడుస్తనే ఉంటది. గదే తింటున్నది నెట్టంత."

"నేను కూరగాయ కోసుకుంట మాట్లాడుత," అంది అత్తమ్మ. "గంతల్నే అయిపోతదా?"

"మాట్లాడకున్నా బొమ్మకు మస్తు ఖర్సయితది. నీకు తెల్వదు."

"అత్తమ్మ ఎన్నేండ్ల సంది మాట్లాడుతున్నరు మామయ్యా, అప్పుడు అయిపోలేదు గదా," అని నేను అడ్డుపడబోయాను.

"నువ్వు జర ఊకో బిడ్డ. గిసొంటి పంచాయితీలు నేను మస్తు చూసిన. తప్పు చేసినోళ్ల మొకం చూస్తెనే నాకు సమజయితది."

తీర్పు వచ్చేసింది. వీడియో కాల్ బంద్. దేవుని పాటలు కావాలంటే అటక మీది పాత రేడియో దింపుకోవాలి. అత్తమ్మ ఫోన్ తీసుకెళ్లి ఫ్రిజ్ మీద, మిక్సీ వెనక పెట్టింది. కొత్త నెల డేటా వేసిన సాయంత్రం అది మోగింది. చేగుంట నుంచి చెల్లెలు.

"ఫోన్ మోగుతున్నది అత్తమ్మా," అన్నాను.

"మోగనియ్యి బిడ్డ. ఎత్తితె నెట్టయితది," అని చిక్కుడుకాయ గిల్లుకుంటూనే ఉంది. మామూలు కాల్ చేసి మాట్లాడొచ్చు కదా అంటే, "ఉత్త గొంతు ఇని ఏం చేయాలె" అంది. అది మోగి మోగి ఆగిపోయింది. కొన్ని రోజులకు మోగడం కూడా మానేసింది.

ఆ నెల డేటా అంతకు ముందుకంటే తొందరగా అయిపోయింది.

అత్తమ్మ నిర్దోషి అని దాంతో తేలిపోవాలి. తేలలేదు. మామయ్య "చాటుకు మాట్లాడుతున్నదేమో" అన్నారు. మా ఆయన అనుమానం మాత్రం ఇంటి గడప దాటింది. ఎవరో బయటివాళ్లు మన నెట్టు దొంగతనంగా వాడుతున్నారని తేల్చాడు. పాస్‌వర్డ్ మార్చాడు. రెండు రోజులకు మళ్లీ మార్చాడు. ఎవరూ ఊహించలేనంత కష్టమైనది పెట్టాలని పెట్టి, షాపుకు పోయేసరికి తనే మర్చిపోయాడు. డబ్బాను పిన్నుతో పొడిచి మళ్లీ మొదటికి తెచ్చుకున్నాం. ఆ పొడవడంలో ఇంకో ఆలోచన వచ్చింది ఆయనకు. ఫోన్లలో నెట్టు వెతికితే కనిపించే పేరు మార్చేశాడు. "దొంగ దొరికిండు" అని పెట్టాడు. దొంగ అది చూసి భయపడి మానేస్తాడని ఆయన ఉద్దేశం.

మరునాడు పొద్దున పక్కింటి టీచరమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. మిషన్ బడిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చికి, మిగతా రోజుల్లో మొక్కలకు అంకితం. మా ఆయన మనసులో ఉన్న దొంగ ఆవిడే. ఎందుకంటే మా డబ్బాకు ఆవిడ పడక గది గోడే దగ్గర.

"మీ ఇంట్ల దొంగలు వడ్డరంట గద బాబూ," అని ఆవిడ నిజంగా కంగారుపడుతూ అడిగింది. "నా ఫోన్ల చూపిచ్చింది. దొరికిండు అని సుత ఉన్నది. పోలీసులకు అప్పజెప్పినరా? ఎవడు వాడు, మనోడేనా, బయటోడా?"

మా ఆయన బైకు మీద సగం ఎక్కి ఆగిపోయాడు. "ఏం లేదు టీచర్, ఏదో... కంపెనీ వాళ్లు పెట్టినట్టున్నరు," అన్నాడు.

"కంపెనీ వాళ్లకు ఎట్ల తెలిసింది మీ ఇంట్ల దొంగ వడ్డట్టు?"

ఆయన బైకు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. ఆవిడ నాతో, తలుపులు జాగ్రత్తగా వేసుకొమ్మనీ, రాత్రి ప్రార్థనలో మా ఇంటిని తలుచుకుంటాననీ చెప్పి వెళ్లింది. నేను ఆ సాయంత్రమే పేరు మార్పించాను.

తర్వాత కస్టమర్ కేర్ వంతు. తెలుగు కోసం రెండు నొక్కాను. రెండు నొక్కాక వచ్చిన తెలుగు మా జిల్లాలో ఎవరూ మాట్లాడేది కాదు. చాలాసేపు పాట విన్నాక ఒక అమ్మాయి వచ్చింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను మేడమ్. మీ డేటా పూర్తిగా వినియోగించబడినది."

"అది తెలుసమ్మా. ఎవరు వినియోగించారో తెలియకే ఫోన్ చేశాను."

"మీరే మేడమ్."

"మేం వాడలేదు."

"అర్థమైంది మేడమ్. మీ సమస్య పరిష్కారానికి అదనపు డేటా ప్యాక్ తీసుకోవలసిందిగా సూచిస్తున్నాను. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇంకేమీ వద్దన్నాను. ఫోన్ పెట్టేశాక, ఈ సంభాషణతో మీరు ఎంత సంతృప్తి చెందారో నక్షత్రాల్లో చెప్పమని ఒక లింకు వచ్చింది. నెట్టు లేక అది తెరుచుకోలేదు.

అసలు సంగతి బయటపడింది ఒక ఆదివారం పొద్దున. అంతకు రెండు రోజుల ముందే కొత్త నెల డేటా వేశాం. చర్చి గంటలు వినిపిస్తున్నాయి. మా ఆయన కూరగాయలకు పోయాడు, మామయ్య స్నానానికి వెళ్లారు, అత్తమ్మ వంటింట్లో ఉంది. నేను ముందు గది ఊడుస్తున్నాను. టేబుల్ మీద నా లాప్‌టాప్ మూసే ఉంది. కానీ దాంట్లోంచి సన్నగా బుస్సుమని శబ్దం వస్తోంది. చెయ్యి పెట్టి చూస్తే అప్పుడే దింపిన పెనంలా కాలుతోంది.

మూసిన లాప్‌టాప్ నిద్రపోవాలి. మాది పోదు. మూత వేసినా పాటలు ఆగకుండా రావాలని మా ఆయన ఎప్పుడో దాన్ని అలా మార్చి పెట్టాడు. కరెంటు తీగ కూడా ఎప్పుడూ పెట్టే ఉంచుతాడు. నేను మూత తెరిచాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. నా తెర మీద బడి ఫైళ్లు, ఫోటోలు, పై నుంచి వచ్చిన ఉత్తర్వులు సందు లేకుండా కిక్కిరిసి ఉంటాయి. అందులో ఏది కొత్తదో ఏది పాతదో నాకే తెలియదు. కింద మూలన, టైమ్ చూపించే చోట, చీమంత బొమ్మ ఒకటి తిరుగుతోంది. వైరస్ అనుకుంటూనే దాని మీద నొక్కాను.

తెర నిండా ఒక ట్రాక్టర్ వచ్చింది. దాని వెనక మంచు కొండలు. కింద ఒక పచ్చ గీత సగం దాకా నిండి ఉంది, ఇంకా నిండుతోంది. కొత్త సీజన్, కొత్త యంత్రాలు, దిగుమతి అవుతున్నాయి, ఆగండి అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ గీత పక్కన రెండు బాణాలు. ఒకటి కిందికి, ఒకటి పైకి. రెండింటి పక్కనా అంకెలు పరిగెడుతున్నాయి. మాకు నెలంతా రావాల్సిన డేటా ఆ మంచు కొండల్లోకి పోతోందని నాకు అర్థమయ్యేసరికి చీపురు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఆపేయాలని వేలు పెట్టాను.

"దాన్ని ముట్టకు బిడ్డ," అని వెనక నుంచి వినిపించింది. మామయ్య టవల్ చుట్టుకుని, తల నుంచి నీళ్లు కారుతుండగా బాత్రూం తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "పంట కోతకొచ్చింది."

అన్న మాట ఏమిటో ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. గదిలోకి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నారు.

"ఏం పంట మామయ్యా?"

"గోధుమ. గీ ఆటల వరి లేదు."

విషయం మెల్లగా బయటికొచ్చింది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మా ఆడపడుచు కూతురు సెలవులకు వచ్చినప్పుడు, తాతకు పొద్దుపోవడం లేదని ఈ వ్యవసాయం ఆట నా లాప్‌టాప్‌లో వేసి, ఎలా దున్నాలో నేర్పించి వెళ్లిందట. అప్పటి నుంచి నేను బడికి, మా ఆయన షాపుకు పోయాక ఈయన పొలానికి పోతున్నారు. ఎవుసం చేసేటోడు పిచ్చోడని ఊరందరికీ చెప్పి వచ్చిన మనిషి, మా ముందు గదిలో రోజూ వందల ఎకరాలు దున్నుతున్నారు.

"మరి నెట్టుతోని నాకేం పని అన్నరు గదా," అన్నాను.

"నెట్టెందుకైతది? దున్నుడు అయిపోంగనే గీ మూలకున్న ఇంటు గుర్తు నొక్కి బంద్ చేస్త. మూత పెడత."

ఆయన అబద్ధం ఆడడం లేదు. ఆట మూసేస్తే అది పోయిందనే అనుకున్నారు. నేను ఆడపడుచు కూతురికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

"అది బంద్ కాదత్తా," అంది ఆ పిల్ల. "ఆట మూసినా దాని సాఫ్ట్‌వేర్ ఎనక నడుస్తనే ఉంటది. కంప్యూటర్ ఆన్ చేస్తె అదే లేస్తది. కొత్తయి ఏమన్నా వస్తె అదే దింపుకుంటది. ఊకె వస్తయి, చాన పెద్దయి వస్తయి. హాస్టల్‌ల మాకు అన్‌లిమిటెడ్ గదా, నేను మీ డబ్బా సంగతి ఆలోచన చేయలే."

"ఈ పైకి పోయే బాణం ఏంటి?"

"అదా. దింపుకున్నది మళ్ల వేరే ఆట ఆడేటోళ్లకు పంచుతది. ముక్కలు ముక్కలు. గట్లయితె కంపెనోళ్లకు ఖర్చు తక్కువ."

మామయ్య ముందుకు వంగారు. "మన నెట్టు ఎవనికో పంచుతున్నదా? ఎవనికి?"

"ఎక్కడెక్కడి వాళ్లకో తాతా. జర్మనీ, బ్రెజిల్. నువ్వు ఒప్పుకున్నవ్ గద."

"నేనేడ ఒప్పుకున్న?"

"మొదట్ల అడిగింది గదా, ఓకేనా అని. నువ్వే నొక్కినవ్."

"గది ఇంగ్లీషుల అడిగింది," అన్నారు మామయ్య. ఆయన మొహం చూస్తే జాలేసింది. పక్క చేను వాడు మా బోరు నుంచి ఒక తడి నీళ్లు మళ్లించుకున్నాడని ఆ ఇంటితో ఏళ్ల తరబడి మాటల్లేని మనిషి. జర్మనీ రైతుకూ బ్రెజిల్ రైతుకూ పగలూ రాత్రీ మా డేటా పారించారు.

అప్పటికి అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

"రోజు ఆడ కూసోని ఏం చూస్తున్నవ్ అంటె, పొలం పాసుబుక్కులు చూస్తున్న అన్నవ్," అంది మామయ్యతో.

మామయ్య టవల్‌తో మళ్లీ తల తుడుచుకున్నారు.

"ఏది, చూపియ్యి నీ ఎవుసం."

ఆయన చూపించారు. వేరే దారి లేదు. వేలితో నొక్కుతూ పొలం అంతా తిప్పారు. కోత మిషన్ కదిలింది, గోధుమ రాలింది, ట్రాలీలో పడింది. అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చివరి దాకా చూసింది.

"కలుపెవలు తీస్తరు?"

"మందు కొడితె పోతది."

"నాట్లు?"

"మిషనే ఏస్తది."

"మనుషులెవలు లేరా? కూలోళ్లు, ఆడోళ్లు, ఎవలు లేరా?"

"గింత పెద్ద మిషన్లుంటె మనుషులెందుకు?"

అత్తమ్మ కళ్లద్దాలు తీసింది. "నువ్వు ఊళ్లె ఉన్నప్పుడు సుత గిట్లనే చేసినవ్. ట్రాక్టర్ మీద కూసుంటివి, దిగితివి. మిగిలిందంత అదే అయితది అనుకుంటివి."

కోపంగా అనలేదు. కందిపప్పు ఉడికిందని చెప్పినట్టే చెప్పింది. లోపలికి పోయి స్టవ్ ఆపి, ఒక సంచిలో చీరలు రెండు పెట్టుకుని వచ్చింది.

"నేను చేగుంటకు పోతున్న, చెల్లె కాడికి. ఫోన్ల మాట్లాడొద్దంటిరి గదా, మనిషినే పోత."

ఎవరం ఆపలేకపోయాం. కూరగాయల సంచులతో లోపలికి వస్తున్న మా ఆయన, అమ్మ ఎదురొస్తుంటే ఏమైందో తెలియకుండానే ఆమెను బైకు మీద బస్టాండ్‌లో దింపి వచ్చాడు. వచ్చాక విషయం విని, మొదట తండ్రి మీద అరవబోయి, పక్కింటి గోడ వైపు చూసి తగ్గాడు. ఆ సాయంత్రం షాపు నుంచి ఒక బస్తా సేంద్రియ ఎరువు తెచ్చి టీచరమ్మ గేటు లోపల పెట్టాడు. ఎందుకని ఆవిడ అడిగితే "మొక్కలకు" అన్నాడు. ఆవిడ దొంగ సంగతి ఏమైందని అడిగిందట. "ఇంటోడే" అని చెప్పి వచ్చేశాడు.

నేను ఆడపడుచు కూతురు చెప్పినట్టు ఆ సాఫ్ట్‌వేర్ లోపలికి పోయి, దానంతటది లేవకుండా, దింపుకోకుండా, పంచకుండా ఒక్కొక్కటీ ఆపాను. ఆపుతున్నప్పుడల్లా అది నిజంగానే ఆపాలా అని అడిగింది. ఒకచోటైతే, మీ మిత్రులు నిరాశపడతారు అంది. ఆట తీసేస్తారా అని మామయ్యను అడిగితే, "ఉండనియ్యి" అన్నారు. కానీ వారం రోజులు దాని జోలికి పోలేదు. కుర్చీలో కూర్చుని గేటు వైపు చూసేవారు. నా వంట తిని, బాగుందని చెప్పేవారు. మామూలుగా ఆయన వంట బాగుందని చెప్పే మనిషి కాదు.

అత్తమ్మ రాలేదు. మా ఆయన పిన్ని ఫోన్‌కు చేస్తే "చెల్లెకు మోకాళ్లకు నూనె రాస్తున్న, చూస్త" అంది. మామయ్యతో మాట్లాడతావా అంటే, సిగ్నల్ లేదంది.

చివరికి ఒక పొద్దున మామయ్య తెల్ల బట్టలు వేసుకుని, పొలం ఎట్లుందో చూసి వస్తానని బయల్దేరారు. కౌలుకిచ్చాక ఆయన ఆ పొలం వైపు పోవడం అదే మొదటిసారి. అక్కడేం జరిగిందో తర్వాత అత్తమ్మే నాకు చెప్పింది. పొలంలో కోత మిషన్ నడుస్తోందట. ఈయన గట్టు మీద నిలబడి, మిషన్ నడిపే అతనికి, బ్లేడు ఇంకొంచెం కిందికి దింపాలనీ, మూల మీద తిప్పేటప్పుడు వెనక్కి తీసుకుని తిప్పాలనీ చేతులతో సైగలు చేసి చెప్పారట. ఎవుసం పిచ్చోళ్ల పని అన్న పెద్దమనిషికి ఇంత పరిజ్ఞానం ఎప్పుడొచ్చిందని కౌలు రైతు నోరెళ్లబెట్టాడట.

అక్కడి నుంచి చెల్లెలి ఇంటికి పోయారు. అరుగు మీద కూర్చోబెట్టి ఆమె చాయ్ ఇచ్చింది.

"బావా, గోధుమ మంచిగ పండిందా?" అని అడిగింది.

చేగుంటకు కబురు ముందే చేరిందన్నమాట. మామయ్య చాయ్ కప్పు కింద పెట్టారు. అరుగు మీద ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారట, ఒకప్పుడు ఆయన తీర్పులు విన్నవాళ్లు. వాళ్ల ముందే చెప్పారు. "నేను చెప్పిన తీర్పు తప్పయింది. నెట్టు నేను తిన్న. ఆమె మీద పెట్టిన. ఇగ ఇంటికి రమ్మని చెప్పు."

"నాకెందుకు చెప్తవ్, ఆమెకు చెప్పు. ఈడనే ఉన్నది గద," అందట చెల్లెలు.

మళ్లీ అత్తమ్మ వైపు తిరిగి అంతా మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది ఆయనకు. రెండోసారి చెప్పడమే కష్టమైనట్టుందని అత్తమ్మ అంది. ఆ మాట చెప్తున్నప్పుడు ఆమె నవ్వు ఆపుకోలేదు.

సాయంత్రం బస్సుకు ఇద్దరూ వచ్చారు. ఆయన సంచి మోశారు. అత్తమ్మ కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, ఫ్రిజ్ మీది ఫోన్ తీసి కొంగుతో దుమ్ము తుడిచి చార్జింగ్ పెట్టింది. క్షేమంగా చేరామని చెల్లెలికి చెప్పడానికి వీడియో కాల్ చేసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు మా డేటా నెలాఖరు దాకా వస్తోంది. మామయ్య ఆట మాన్లేదు. ఆదివారాలు మాత్రం ఆడతారు, మేమందరం ఇంట్లో ఉన్నప్పుడు, అందరికీ కనపడేలా. ఈ మధ్య ఒక ఆదివారం అత్తమ్మ కూడా కళ్లద్దాలు పెట్టుకుని పక్కన కుర్చీ వేసుకుంది. ఆయన ట్రాక్టర్‌ను ఒక పొలంలోంచి ఇంకో పొలంలోకి నేరుగా తోలుతున్నారు.

"గట్టు తొక్కుతున్నవ్, జర చూసుకో," అంది అత్తమ్మ.

"గీ దేశంల గట్లుండయే. అంత ఒక్కటే చెలక."

అత్తమ్మ తెర మీదికి వంగి, కనిపించినంత మేర ఆ పొలమంతా వెతికింది.

"గట్లు లేకుంటె మరి కొట్లాటలెట్లయితయి?" అని అడిగింది.

మామయ్య ట్రాక్టర్ ముందుకు పోనిచ్చారు.